పాఠం మధ్యలో ఆగి ప్రశ్నించే వీడియో: హెచ్5పీపై ఒక సమీక్ష

వెబ్ పేజీలో ఒక వీడియోను పొదగడం ఈనాడు ఎవరికైనా నిమిషంలో అయ్యే పని. యూట్యూబ్ ఇచ్చే కోడ్‌ను తెచ్చి పేజీలో అతికిస్తే పాఠం అక్కడే ఆడుతుంది. అయితే ఆ వీడియో ఎక్కడ ఆగాలి, ఆగినప్పుడు ఏమి అడగాలి, తప్పు చెప్పిన విద్యార్థి ఏ నిమిషానికి వెనక్కి వెళ్లాలి అన్న నియంత్రణ అంత సులభంగా ఉపాధ్యాయుడి చేతికి రాదు. ప్రోగ్రామింగ్ తెలియని బోధకుడికి ఆ నియంత్రణను అందించడం కోసం తయారైన సాధనం హెచ్5పీ. అందులోని అనేక రకాల పాఠ్య రూపాలలో ‘ఇంటరాక్టివ్ వీడియో’ అనేదానిని గుంటూరు అరండల్‌పేటలోని ఒక చిన్న పోటీ పరీక్షల శిక్షణ కేంద్రం పాఠాల పేజీ కోసం కొంతకాలంగా వాడుతున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. ఎంపిక ప్రశ్నలకూ, అర్థం కాని చోటును తిప్పి చూపించవలసిన పాఠాలకూ ఇది నమ్మదగిన సాధనం. తెలుగులో టైపు చేయించి జవాబు రాబట్టే ప్రశ్నలకు దీనిని కళ్లు మూసుకుని నమ్మరాదు. మార్కులు లెక్కించే పరీక్షకు ఇది అసలు పనికిరాదు.

ఆ కేంద్రం అవసరం పెద్దదేమీ కాదు. తెనాలి, పొన్నూరు, సత్తెనపల్లి వైపుల నుంచి రోజూ వచ్చిపోయే అభ్యర్థులు తరగతి తప్పినప్పుడు ఆ పాఠాన్ని ఇంటి దగ్గర ఫోనులో చూసుకోవాలి. చూసినట్లు నటించడం కాక నిజంగా చూడాలి. చరిత్ర, భూగోళం చెప్పే మాస్టారు తన పాఠాలను అప్పటికే బోర్డు ముందు నిలబడి రికార్డు చేసి పెట్టుకున్నారు. వాటిలో ఈ సాధనాన్ని పరీక్షించి చూడడానికి తీసుకున్నది కృష్ణా డెల్టా నీటిపారుదల పాఠం. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన 1223.5 మీటర్ల ప్రకాశం బ్యారేజీ, తూర్పు వైపున విజయవాడ నగరం మధ్యగా సాగే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, పశ్చిమ డెల్టాలో కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువతో దాని అనుబంధం అన్నీ అందులో ఉన్నాయి. ఏ కాలువ ఏ గట్టు నుంచి బయలుదేరుతుందో మనవాళ్లే తికమకపడతారు కనుక, మధ్యలో ఆపి అడగడానికి ఇంతకంటే తగిన పాఠం దొరకదు.

ఇటువంటి సాధనం మీద నమ్మకం పెట్టుకునే ముందు వెనుకటి కథను ఒకసారి తలచుకోవడం అవసరం. వెబ్ పేజీలలో కదిలే, స్పందించే దృశ్యాలను పొదగడం 1990ల మధ్యలో నెట్‌స్కేప్ బ్రౌజర్ ప్రవేశపెట్టిన ‘ఎంబెడ్’ ట్యాగుతో ఊపందుకుంది. అయితే ఆ ట్యాగు చేసేదల్లా పేజీలో కొంత చోటు కేటాయించి ఆ చోటును ఒక ప్లగిన్‌కు, అంటే బ్రౌజరుకు విడిగా జతచేసే ప్రోగ్రాముకు, అప్పగించడమే. లోపల జరిగేదంతా ఆ ప్లగిన్ ఇష్టం. అటువంటి ప్లగిన్లలో ఆ కాలానికి రారాజు ఫ్లాష్. 1996 చివరలో మాక్రోమీడియా చేతికి, 2005లో అడోబ్ చేతికి వచ్చిన ఈ సాంకేతికతతో తయారైన క్విజ్‌లు, యానిమేషన్ పాఠాలు, ఆటలు లెక్కలేనన్ని. 2020 డిసెంబరు 31తో అడోబ్ మద్దతు ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనలో ఏదీ ఆడకుండా తానే అడ్డుకోసాగింది. అంతకుముందు తయారై మార్పు చేయకుండా వదిలేసిన పాఠాలన్నీ ఖాళీ పెట్టెలుగా మిగిలాయి. వాటిని తయారుచేసిన ఉపాధ్యాయుల తప్పు అందులో ఏమీ లేదు. పాఠం ప్రాణం వేరొకరి ప్లగిన్‌లో ఉండిపోయింది.

2014 అక్టోబరులో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీఎంఎల్5, అంటే వెబ్ పేజీలు రాసే భాషకు కొత్త రూపం, ఈ పరిస్థితిని మార్చింది. వీడియో అనేది ప్లగిన్‌తో పని లేకుండా బ్రౌజర్ స్వయంగా అర్థం చేసుకునే ట్యాగుగా మారింది. ఆడించు, ఆపు, ఫలానా సెకనుకు వెళ్లు, వేగం తగ్గించు అన్న ఆజ్ఞలను జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ద్వారా ఎవరైనా ఇవ్వవచ్చు; ఇప్పుడు ఏ సెకను నడుస్తున్నదో కూడా బ్రౌజరే చెబుతూ ఉంటుంది. వీడియో మధ్యలో ప్రశ్న తెరవడానికి కావలసిన సరంజామా అంతా ఇందులో ఉన్నప్పటికీ, దానిని అల్లడానికి ఒక ప్రోగ్రామర్ కావాలి. ప్రతి పాఠానికీ ప్రోగ్రామర్‌ను పిలిచే స్తోమత అరండల్‌పేటలోనూ బ్రాడీపేటలోనూ ఉన్న చిన్న కేంద్రాలకు ఉండదు. నార్వేకు చెందిన జౌబెల్ అనే సంస్థ 2013 ప్రాంతంలో బయటికి తెచ్చిన హెచ్5పీ సరిగ్గా ఈ ఖాళీలోకి వచ్చింది. పాఠం, దానికి చెందిన బొమ్మలు, ప్రశ్నలు, వాటి అమరిక అంతా కలిపి ఒకే ఫైలుగా కట్టిన మూట ఇది. నిజానికి అది పొడిగింపు పేరు మార్చిన జిప్ ఫైలే. ఒక చోట తయారుచేసిన మూటను మరో చోట విప్పుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ అనే సైటు నిర్మాణ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైటులో తయారుచేసిన మా పాఠాన్ని ఒక కళాశాల వారి మూడిల్ అనే ఆన్‌లైన్ బోధనా వేదికలోకి ఎక్కించినప్పుడు ప్రశ్నలన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి. మూడిల్‌లో 2019 నవంబరులో వచ్చిన 3.8 వెర్షను నుంచి హెచ్5పీ అంతర్భాగంగానే ఉంది.

వర్డ్‌ప్రెస్‌లో దీనిని అమర్చడం సైటుకు జతచేసే మామూలు ప్లగిన్‌ను అమర్చడం వంటిదే. తరువాత హెచ్5పీ భాండాగారం నుంచి కావలసిన పాఠ్య రూపాలను దించుకోవాలి. అసలు చిక్కు వీడియోను ఎక్కించేటప్పుడు ఎదురవుతుంది. సర్వరులో సైటును నడిపించే పీహెచ్‌పీ అనే సాఫ్ట్‌వేర్, దాని అమరికను ఎవరూ మార్చకపోతే, 2 మెగాబైట్లకు మించిన ఫైలును స్వీకరించదు. మొత్తం అభ్యర్థన పరిమాణానికి 8 మెగాబైట్ల హద్దు వేరుగా ఉంటుంది. సెకనుకు 500 కిలోబిట్ల లెక్కన కుదించిన పది నిమిషాల పాఠమే సుమారు 37 మెగాబైట్లు ఉంటుంది కనుక, తక్కువ ధర హోస్టింగ్ (సైటును ఉంచడానికి సర్వరులో అద్దె చోటు) తీసుకున్నవారు ముందుగా ఈ రెండు హద్దులనూ పెంచమని హోస్టింగ్ వారిని అడగాలి. ఒకదానిని పెంచి రెండవదానిని మరిచిపోతే ఫలితం ఉండదు.

వీడియో ఫైలును తయారుచేసే తీరులోనూ ఒక జాగ్రత్త ఉంది. ఎంపీ4 ఫైలులో ఏ దృశ్యం ఎక్కడ ఉందో తెలిపే సూచిక చాలాసార్లు ఫైలు చివరన ఉంటుంది. అది ముందుకు రాకపోతే, ముఖ్యంగా నెమ్మది కనెక్షన్ మీద, పాఠం మొదలు కావడానికే ఆలస్యమవుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘వెబ్ ఆప్టిమైజ్‌డ్’ అన్న గడిని గుర్తు పెడితే సూచిక మొదటికి వస్తుంది. అలాగే ఫైలులో అడిగిన ముక్కను మాత్రమే పంపగల సామర్థ్యం సర్వరుకు ఉండాలి. లేకపోతే విద్యార్థిని నాలుగో నిమిషానికి పంపమని మనం ఎంత చెప్పినా వీడియో అక్కడికి సరిగా వెళ్లదు. ఇంటరాక్టివ్ వీడియోకు ప్రాణం ఈ ముందుకు వెనక్కు కదలడంలోనే ఉంది కనుక, ఒక్క ప్రశ్న కూడా చేర్చక ముందే దీనిని పరీక్షించుకోవాలి.

ఈ బాధలన్నీ ఎందుకని యూట్యూబ్ చిరునామానే నేరుగా ఇవ్వవచ్చు. హెచ్5పీ దానికీ ఒప్పుకుంటుంది. ఖర్చు లేదు, నెట్ వేగాన్ని బట్టి నాణ్యతను యూట్యూబే సర్దుబాటు చేస్తుంది, సర్వరు మీద భారం పడదు. పల్లెలో సిగ్నల్ తగ్గినప్పుడు ఈ సర్దుబాటు విలువ తెలుస్తుంది. సొంత ఫైలుతో హెచ్5పీలో అది తనంతట తాను జరగదు, రెండు మూడు నాణ్యతల ఫైళ్లను పేర్లతో ఎక్కించి ఎంపికను విద్యార్థికే వదలాలి. అయినా ముఖ్యమైన పాఠాలకు సొంత ఫైలునే నేను సిఫారసు చేస్తాను. యూట్యూబ్‌లోని వీడియోకు ముందు ప్రకటన రావచ్చు. వీడియో యజమాని పొదుగుదలను నిషేధించినా, వీడియోను తొలగించినా మన ప్రశ్నలన్నీ గాలిలో వేలాడతాయి. పైగా సొంతంగా రాసుకున్న ఉపశీర్షికల ఫైలును జత చేసే సదుపాయం ఎక్కించిన వీడియోలకే ఉంది, యూట్యూబ్ వీడియోలకు లేదు. మాస్టారి మాట వేగంగా సాగే చోట స్థలనామాలను తెర మీద తెలుగులో చూపించడానికి ఆ సదుపాయం మాకు చాలా ఉపయోగపడింది.

ఇక ప్రశ్నలు కూర్చే గది. ఈ సాధనానికి పేరు తెచ్చింది ఇదే, ఆ పేరుకు ఇది అర్హమైనదే. ఎడిటర్ మూడు మెట్లుగా ఉంటుంది: వీడియో ఇవ్వడం, దాని మీద ప్రశ్నలూ గమనికలూ ఉంచడం, చివర సారాంశ అభ్యాసం రాయడం. రెండవ మెట్టులో వీడియోను ఆడించుకుంటూ కావలసిన క్షణంలో ఆపి, పైన ఉన్న పట్టీ నుంచి ప్రశ్న రకాన్ని లాగి దృశ్యం మీద పెడితే చాలు. అది ఏ సెకను నుంచి ఏ సెకను వరకు కనిపించాలి, కనిపించినప్పుడు వీడియో ఆగాలా వద్దా, చిన్న గుండీగా ఉండాలా లేక తెర మీదనే తెరుచుకుని ఉండాలా అన్నవి పక్కన కనిపించే పెట్టెలోనే నిర్ణయించవచ్చు. కంప్యూటరుతో పెద్దగా పరిచయం లేని మాస్టారు ఒక సాయంత్రం పక్కన కూర్చుని చూసి, ఆ తరువాత పాఠాలను తానే కూర్చుకుంటున్నారు. కొత్తవారు నేర్చుకోవడానికి ఇంత తక్కువ శ్రమ పడే ఎడిటర్‌ను నేను ఈ రంగంలో చూడలేదు.

ప్రశ్నకు జవాబు వచ్చిన తరువాత ఏమి జరగాలో నిర్ణయించే భాగం నాకు అన్నిటికంటే నచ్చింది. తప్పు జవాబు వస్తే ఫలానా సెకనుకు వెళ్లాలని, అన్నీ ఒప్పయితే మరో చోటుకు దాటాలని ప్రతి ప్రశ్నకూ వేరువేరుగా చెప్పవచ్చు. ఆ సందర్భంలో కనిపించే సందేశాన్నీ గుండీ మీది మాటనూ మనమే రాయవచ్చు. ‘రైవస్ కాలువ ఏ వైపు డెల్టాకు నీరిస్తుంది?’ అన్న ప్రశ్నకు పశ్చిమమని చెప్పిన విద్యార్థికి ‘పటాన్ని మరోసారి చూడండి’ అన్న మాట, దాని కింద ఒక గుండీ కనిపిస్తాయి. దానిని నొక్కగానే మాస్టారు బోర్డు మీద బ్యారేజీకి ఇరువైపులా కాలువలు గీస్తున్న చోటుకు వీడియో వెళుతుంది. తరగతిలో మంచి ఉపాధ్యాయుడు చేసే పని ఇదే: తప్పు జవాబు చెప్పినవాడిని కసరకుండా, ఏ మాట దగ్గర దారి తప్పాడో అక్కడికి తిరిగి తీసుకుపోవడం. పూర్తి మార్కులు వచ్చేదాకా ముందుకు కదలనివ్వని ఎంపిక కూడా ఉంది. దానితోపాటు వీడియోను ముందుకు జరపడాన్ని నిరోధించే ఎంపికను కూడా వాడమని ఎడిటరే సూచిస్తుంది. రెండవది లేకపోతే మొదటిదానికి అర్థం ఉండదు. అయితే ముందుకు దూకడాన్ని ఆపినా వేగం పెంచే గుండీ అలాగే ఉంటుంది. మన పిల్లలు రెట్టింపు వేగంతో మాస్టారి మాటను పరుగెత్తించి ప్రశ్న దగ్గరికి చేరుకోవడం నేర్చుకున్నారు. ప్రశ్న దగ్గర ఎలాగూ ఆగవలసిందే కదా అని మాస్టారు దానిని పట్టించుకోలేదు. నేనూ ఆయనతో ఏకీభవిస్తాను.

కూడలి వంటి మరొక సదుపాయంలో రెండు మూడు దారులు చూపించి, విద్యార్థి ఎంచుకున్నదానిని బట్టి వీడియోలోని వేరువేరు చోట్లకు పంపవచ్చు. ఆనకట్ట చరిత్ర కావాలో బ్యారేజీ నుంచి మొదలు పెట్టాలో విద్యార్థే నిర్ణయించుకునేలా పాఠం ఆరంభంలో దీనిని ఉంచాము. చివరి సారాంశ అభ్యాసం మాత్రం నాకు అంతగా నచ్చలేదు. ప్రతి గుంపులోనూ మొదట రాసిన వాక్యమే ఒప్పు వాక్యంగా సాధనం తీసుకుని, విద్యార్థికి క్రమం మార్చి చూపిస్తుంది. రాసేవారు ఈ నియమం మరిచిపోతే తప్పు వాక్యమే ఒప్పుగా కూర్చుంటుంది. హెచ్5పీలోనే ఉన్న బొమ్మ మీది గుర్తులు అనే వేరొక రూపాన్ని ఉండవల్లి గుహల చిత్రంతో ప్రయత్నించాము. నాలుగు అంతస్తులలో ఎక్కడ నొక్కితే అక్కడి వివరం తెరుచుకుంటుంది, శయనించిన విష్ణుమూర్తి విగ్రహం దగ్గర మాస్టారి గొంతు కూడా వినిపిస్తుంది. దాని గురించి చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు.

తెలుగు విషయానికి వస్తే ప్రశంస తగ్గుతుంది. ప్రశ్నలు, ఎంపికలు, సందేశాలు తెలుగులో రాయడానికి ఏ అడ్డూ లేదు. ‘సరిచూడు’, ‘మళ్లీ ప్రయత్నించు’ వంటి గుండీల మాటలను కూడా ప్రతి పాఠంలోనూ అందుకోసం కేటాయించిన విభాగంలో మార్చుకోవచ్చు, అది ఓపికతో చేయవలసిన పని అయినప్పటికీ. సమస్య ఖాళీలను పూరించే ప్రశ్నలలో ఉంది. విద్యార్థి టైపు చేసినదానిని సాధనం మన జవాబుతో సంకేతం సంకేతం చొప్పున పోల్చి చూస్తుంది. చిన్న అక్షరదోషాలను మన్నించే ఎంపికను ఆన్ చేస్తే, నాలుగు నుంచి తొమ్మిది సంకేతాలున్న జవాబులో ఒక తేడాను, అంతకంటే పొడవైనదానిలో రెండు తేడాలను ఒప్పుకుంటుంది. ఇంగ్లిషు స్పెల్లింగ్‌ను దృష్టిలో పెట్టుకుని ఆలోచిస్తే ఇది న్యాయమైన నియమమే. తెలుగులో ఒక గుణింతం, ఒక పొల్లు, ఒక ఒత్తు వేరువేరు సంకేతాలుగా లెక్కకు వస్తాయి. ‘భట్టిప్రోలు’ మన కంటికి నాలుగు అక్షరాలు, సాధనం లెక్కలో 11 సంకేతాలు. దీని ఫలితం రెండు వైపులా కోసే కత్తి. జవాబు ‘కాలువ’ అయిన చోట ‘కలువ’ అని రాసినా ఒక దీర్ఘమే కదా తేడా అని సాధనం ఒప్పు పెట్టేస్తుంది. మరోవైపు మనం ‘బకింగ్‌హామ్’ అని రాసిపెట్టిన చోట విద్యార్థి ‘బకింగ్హాం’ అని రాస్తే, పదం ఒకటే అయినా తప్పు పడుతుంది. పొల్లును విడిగా నిలిపే కంటికి కనిపించని సంకేతం ఒకటి పోయింది, మకార పొల్లు సున్నా కావడంలో మరో రెండు తేడాలు వచ్చాయి, మొత్తం మూడు. ఫోను కీబోర్డులలో ఆ కనిపించని సంకేతాన్ని ఎలా రాబట్టాలో చాలామందికి తెలియదు కూడా.

ఒకే ఖాళీకి అనేక జవాబులను గీత గీసి వేరుచేస్తూ ఇవ్వవచ్చు కనుక, ఊహించగలిగిన రూపాలన్నిటినీ రాసిపెట్టి మన్నింపును ఆపివేయడం ఒక ఉపాయం. స్థలనామాలకు అది కొంతవరకు నడుస్తుంది. వాక్యంలో విభక్తి చేరిన మాట దగ్గర రూపాల పట్టికకు అంతు ఉండదు. మేము చివరికి తెలుగు టైపింగ్ ప్రశ్నలను తీసివేసి, మాటలను లాగి ఖాళీలో ఉంచే ప్రశ్నలనూ, ఎంపిక ప్రశ్నలనూ వాడుతున్నాము. తెలుగు మాధ్యమంలో భాషా పాఠాలు చెప్పేవారికి, అంటే జవాబులోని దీర్ఘం, ఒత్తు అన్నవే పాఠమైనవారికి, ఈ లోపం చిన్నది కాదు. వారు ఈ సాధనాన్ని ఎంచుకునే ముందు ఈ ఒక్క విషయం మీదనే నిర్ణయం తీసుకోవచ్చు.

అక్షరరూపం గురించి కూడా ఒక మాట. సైటుకు మనం మండలి ఫాంటునో మరొక ఫాంటునో ఎంచుకుని ఉండవచ్చు. ఐఫ్రేమ్‌లో, అంటే ఒక పేజీలో మరో పేజీని చూపించే చట్రంలో, తెరుచుకునే హెచ్5పీ పాఠానికి ఆ ఎంపిక వర్తించదు, ఎందుకంటే లోపలి పేజీ వేరు, దాని శైలి నియమాలు వేరు. వాటిని మార్చాలంటే ప్లగిన్ ఇచ్చిన ప్రత్యేక మార్గంలో కొంత కోడ్ రాయాలి. ప్రోగ్రామర్‌తో పని లేదని చెప్పుకునే సాధనంలో ప్రోగ్రామర్ అవసరమైన చోటు ఇదొక్కటే. ఆ పని చేసేటప్పుడు వరుసల మధ్య ఎడం కూడా పెంచుకుంటే ‘రాష్ట్రం’ వంటి మాటలలోని కింది ఒత్తులకు ఊపిరాడుతుంది.

ఫోను తెర మీద ఈ పాఠాలు చూసేవారే ఎక్కువ కనుక అక్కడి నడవడిక ముఖ్యం. తెర ఇరుకైనప్పుడు, దృశ్యం మీద తెరుచుకుని ఉండవలసిన ప్రశ్నలను సాధనం గుండీలుగా కుదిస్తుంది. నొక్కితే ప్రశ్న తెరుచుకుంటుంది. ఇది తెలివైన ఏర్పాటే, కానీ పటం మీద సరిగ్గా రైవస్ కాలువ పక్కన ఉంచిన గమనికకు అక్కడ ఉంచడంలోని ప్రయోజనం కొంత పోతుంది. పటం మీదకు పేర్లను లాగే అభ్యాసం కంప్యూటరులో ముచ్చటగా ఉంటుంది. నిలువుగా పట్టుకున్న ఫోనులో వేలికింద పేరు, పేరు కింద కాలువ కనిపించకుండా పోతాయి. అటువంటి అభ్యాసాలలో లాగవలసిన పేర్లు నాలుగుకు మించకుండా చూసుకోవడం మేలు. పేజీ తెరవగానే పాఠం దానంతట అది మొదలు కావాలని కేంద్రం వారు కోరారు కానీ, 2018 నుంచి క్రోమ్ బ్రౌజర్ శబ్దంతో కూడిన వీడియోను వినియోగదారుడు స్పందించకుండా మొదలు పెట్టనివ్వడం లేదు. మొదటి నొక్కు విద్యార్థిదే కావాలి. నాకైతే అదే మంచిదనిపిస్తుంది.

పాఠం ఒక సైటులో ఉండి, దానిని మరో సైటు పేజీలో ఐఫ్రేమ్‌గా పొదిగేటప్పుడు మరచిపోకూడని విషయం ఒకటి ఉంది. హెచ్5పీ ఇచ్చే కోడ్‌లో రెండు భాగాలుంటాయి: ఒకటి ఐఫ్రేమ్, రెండవది ఎత్తును సర్దే చిన్న స్క్రిప్టు. కొన్ని సైటు నిర్మాణ వేదికలు భద్రత పేరుతో ఆ స్క్రిప్టును కత్తిరించివేస్తాయి. అప్పుడు ప్రశ్న పొడవు పెరిగినా చట్రం పెరగదు, అడుగున ఉన్న ‘సరిచూడు’ గుండీ కనిపించకుండా దాగిపోతుంది, విద్యార్థి పాఠం చెడిపోయిందని అనుకుంటాడు. గుండీ కనిపించడం లేదన్న ఫిర్యాదు ఎప్పుడు వచ్చినా మొదట ఈ స్క్రిప్టు ఉందో లేదో చూడడం నాకు అలవాటయింది.

మార్కుల సంగతి. వర్డ్‌ప్రెస్‌లో లాగిన్ అయిన విద్యార్థి ఫలితం మాత్రమే నమోదవుతుంది. లాగిన్ లేకుండా చూసినవారి జవాబులకు జాడ ఉండదు. మధ్యలో ఆపి మరునాడు అక్కడి నుంచే కొనసాగించే వీలు కూడా లాగిన్ అయినవారికే, అదీ నిర్వాహకుడు సెట్టింగులలో ఆ సదుపాయాన్ని ప్రారంభిస్తేనే. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఒప్పు జవాబులన్నీ పాఠంతోపాటే విద్యార్థి బ్రౌజరులోకి దిగుతాయి, దిద్దుబాటు అక్కడే జరుగుతుంది. పేజీ మూలాన్ని తెరిచి చదవగలిగినవాడికి జవాబుపత్రం చేతికి ఇచ్చినట్లే. అభ్యాసానికి ఇది లోపం కాదు, జవాబు దొంగిలించి సాధించేదేమీ లేదు. ర్యాంకులు కట్టి గోడకు అంటించే వారాంతపు పరీక్షకు మాత్రం దీనిని వాడకూడదు. కేంద్రం వారు ఆ పరీక్షలను ఇప్పటికీ కాగితం మీదనే పెడుతున్నారు.

ఖర్చు విషయంలో తికమకకు తావుంది కనుక స్పష్టంగా చెప్పాలి. సొంత సైటులో అమర్చుకునే హెచ్5పీ ఉచితం, దాని మూల కోడ్ అందరికీ తెరిచి ఉన్నది. వారి సర్వరులోనే పాఠాలు ఉంచి నడిపే సేవకు చందా కట్టాలి. సొంత సైటు నిర్వహించలేని పెద్ద సంస్థలకు తప్ప అది అవసరం లేదు. 2024లో కెనడాకు చెందిన డీ2ఎల్ అనే సంస్థ హెచ్5పీని కొనుగోలు చేసింది. యజమాని మారినా, మూల కోడ్ తెరిచి ఉండడం వల్లా, పాఠాలు మన సర్వరులో మన ఫైళ్లుగా ఉండడం వల్లా, ఫ్లాష్ పాఠాలకు పట్టిన గతి వీటికి అంత తేలికగా పట్టదని భావిస్తున్నాను. అందుకే ప్రతి పాఠాన్నీ కూర్చిన వెంటనే మూట రూపంలో దించుకుని, మూల వీడియోతో సహా వేరే డిస్కులో భద్రపరుస్తున్నాము. అదే మూటను విద్యార్థి కూడా దించుకోగలడని మాత్రం గుర్తుంచుకోవాలి. పాఠం అడుగున కనిపించే పట్టీలో పునర్వినియోగం, హక్కుల వివరం, పొదుగు కోడ్ అన్న మూడు గుండీలుంటాయి. రుసుము తీసుకుని చెప్పే పాఠాలైతే వాటిలో మొదటిదానినీ మూడవదానినీ సెట్టింగులలో ఆపివేసిన తరువాతనే పేజీ చిరునామాను విద్యార్థులకు పంపాలి.